ఎదురుచూసిన రోజులు ఎవరి ఖాతాలోవి?

1967 నవంబరు 15. కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ఆసుపత్రి వైద్యులు గుండె మార్పిడి కోసం కొత్తగా తెరిచిన జాబితాలో మొదటి రోగిని చేర్చుకున్నారు. ఆ రోగి ఆడో మగో తర్వాత అచ్చయిన పట్టికలో లేదు. పేరు అసలే లేదు. ఉన్నవి ఎక్కువగా తేదీలే. గుండె బాగా దెబ్బతింది, మందులు చేయగలిగింది అయిపోయింది, ఇక ఇంకొకరి గుండె దొరకాలి. అప్పటికి ప్రపంచంలో ఏ మనిషి గుండెనూ తీసి మరో మనిషికి అమర్చలేదు.

సరిగ్గా 18 రోజులకు, డిసెంబరు 3న, దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో క్రిస్టియాన్ బర్నార్డ్ ఆ పని చేసేశాడు. కుక్కల మీద ఏళ్ల తరబడి సాధన చేసి ఈ ఆపరేషన్ పద్ధతికి ఒక రూపం తెచ్చింది స్టాన్‌ఫర్డ్‌లోని నార్మన్ షమ్వే, రిచర్డ్ లోవర్‌లు. పేరు మాత్రం కేప్‌టౌన్‌కు దక్కింది. అక్కడి రోగి 18 రోజులు బతికాడు.

స్టాన్‌ఫర్డ్ జాబితాలోని మొదటి రోగి ఇంకా ఎదురుచూస్తూనే ఉన్నారు. క్రిస్మస్ వెళ్లింది. కొత్త సంవత్సరం వచ్చింది. జనవరి 2న రెండో రోగి జాబితాలో చేరారు. ఆ మర్నాడే, జనవరి 3న, మొదటి రోగి కన్నుమూశారు. ఎదురుచూపు 49 రోజులు.

జనవరి 6న మూడో రోగి వచ్చాడు. 54 ఏళ్ల ఉక్కు కార్మికుడు. అతని అదృష్టం ఏమని చెప్పాలి! జాబితాలో చేరిన రోజే, మెదడులో రక్తస్రావమైన ఒక మహిళ గుండె దొరికింది. ఆ రాత్రి షమ్వే, అతని సహాయకుడు ఎడ్వర్డ్ స్టిన్సన్ పాత గుండెను బయటికి తీశారు. ఖాళీగా ఉన్న ఆ ఛాతీలోకి చూస్తూ, మనం చేస్తున్నది చట్టానికి లోబడిన పనేనా అని ఇద్దరికీ సందేహం కలిగిందని తర్వాతి రోజుల్లో చెప్పుకునేవారు. బయట విలేకరులు ఆసుపత్రి గోడలెక్కి కిటికీల్లోంచి తొంగి చూశారు. అమెరికాలో పెద్దవాళ్లకు జరిగిన మొదటి గుండె మార్పిడి అది.

జనవరి 7న, అంటే మర్నాడే, రెండో రోగి గుండె దొరక్కుండానే చనిపోయారు. చేరి 5 రోజులు. ఉక్కు కార్మికుడు రక్తస్రావాలతో, ఒకదాని మీద ఒకటిగా వచ్చిన చిక్కులతో పోరాడి 15వ రోజున, జనవరి 21న, పోయాడు.

ఈ మూడు వరుసలు చూసినవాళ్లకు గుండె మార్పిడి ఆయుష్షు పెంచిందో తగ్గించిందో చెప్పడానికి నోరు రాదు. మార్పిడి లేని ఒకరు 49 రోజులు బతికితే, మార్పిడి జరిగినవాడు 15 రోజులే బతికాడు. అయితే వరుసలు ఇంకా ఉన్నాయి. నాలుగో రోగి 35 రోజులు ఎదురుచూసి గుండె అందుకున్నారు, మరో మూడు రోజులకే చనిపోయారు. అయిదో రోగి 17 రోజులకు, ఆరో రోగి రెండే రోజులకు, ఎదురుచూపుల్లోనే పోయారు. ఏడో రోగి 1968 జులై 12న చేరి 50 రోజులు ఎదురుచూశారు. ఆగస్టు 31న గుండె దొరికింది. అక్కడి నుంచి 1970 మే దాకా బతికారు. మొత్తం 674 రోజులు. ఆ వెంటే చేరిన ఎనిమిదో రోగికి గుండె దొరకలేదు, 39 రోజులకు పోయారు. ఆ ఇళ్లలో రాత్రిపూట ఫోన్ మోగితే గుండెలు ఎలా కొట్టుకునేవో పట్టికలో ఉండదు.

1974 ఏప్రిల్ 1న లెక్క ముగించేసరికి జాబితా 103 మందికి చేరింది. 69 మందికి గుండె దొరికింది, 34 మందికి దొరకలేదు. దొరికిన 69 మందిలో 45 మంది చనిపోయారు. దొరకని 34 మందిలో 30 మంది పోయారు. గుండె దొరకని వాళ్లలో సగం మంది మూడు వారాలు తిరక్కుండానే వెళ్లిపోయారు. దొరికిన వాళ్లలో ఏళ్లు గడిపినవాళ్లున్నారు.

ఇంకేం కావాలి? మార్పిడి ప్రాణం నిలుపుతుందని తేలిపోలేదా?

స్టాన్‌ఫర్డ్ వైద్యులూ అలాగే అనుకున్నారు. అప్పటికి చేతిలో ఉన్న రోగుల లెక్కతో 1971లో ఒక ప్రసిద్ధ అమెరికన్ వైద్య పత్రికలో వ్యాసం రాశారు. రచయితల్లో షమ్వే ఉన్నాడు, స్టిన్సన్ ఉన్నాడు. గుండె అందుకున్నవాళ్లను ఒకవైపు, అందనివాళ్లను మరోవైపు పెట్టి పోల్చారు. హ్యూస్టన్‌లోని మరో గుండె మార్పిడి బృందం అంతకు ముందే ఇలాంటి లెక్క ఒకటి ప్రకటించింది. అప్పటి పరిస్థితి కూడా తలుచుకోవాలి. 1968 ఒక్క ఏడాదిలో ప్రపంచవ్యాప్తంగా వందకు పైగా గుండె మార్పిళ్లు జరిగాయి, చాలామంది వారాల్లోనే చనిపోయారు. ఆసుపత్రులు ఒక్కొక్కటే చేతులెత్తేశాయి. పట్టు వదలని కొద్దిమందిలో షమ్వే ఒకడు. ఈ ఆపరేషన్ పనికొస్తుందని చూపించాల్సిన అవసరం అతనికి ఉంది. అబద్ధం చెప్పలేదు. లెక్కలో తప్పు దొర్లింది.

ఆ తప్పును పట్టుకున్నది మిచెల్ గెయిల్. అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థలో పనిచేస్తున్న యువ వైద్యుడు, గణాంకాల మనిషి. 1972లో అదే పత్రికలో ‘గుండె మార్పిడి ఆయుష్షును పొడిగిస్తుందా’ అన్న ప్రశ్నను తిరగదోడాడు. ఆపరేషన్ ఎలా చేశారన్నదాని జోలికి పోలేదు. రోగులను రెండు గుంపులుగా ఎలా పంచారన్న చోట వేలు పెట్టాడు.

ఏడో రోగినే చూడండి. ఆ 50 రోజుల ఎదురుచూపులో ఏ ఒక్క రోజు ప్రాణం పోయినా, ఆ రోగి ఏ గుంపులోకి వెళ్లేవారు? ‘గుండె దొరకనివాళ్లు’ అన్న గుంపులోకి. బతికి ఉన్నారు కాబట్టే ‘దొరికినవాళ్లు’ అయ్యారు. అంటే మార్పిడి గుంపులో పేరు పడాలంటే మార్పిడి రోజు దాకా బతికి ఉండటం ముందు షరతు. ఆ షరతు తీరకుండా తొందరగా పోయినవాళ్లందరూ ‘దొరకనివాళ్ల’ పద్దులో పడ్డారు. మార్పిడి గుంపులోకి రోగుల్లో గట్టివాళ్లే చేరారు. ఆపరేషన్ ఎందుకూ పనికిరానిదైనా, ఉత్తుత్తి ఆపరేషన్ చేసి కుట్లు వేసి పంపినా, ఈ లెక్కలో అది గెలుస్తుంది.

మన ఇళ్లలో షష్టిపూర్తి చేసుకున్నవాళ్ల సగటు ఆయుష్షు, చేసుకోనివాళ్ల సగటు కన్నా ఎక్కువే ఉంటుంది. అరవై నిండకుండా పోయినవాళ్లకు షష్టిపూర్తి ఎలా చేస్తారు? అయినా ఆ తాళి రెండోసారి కట్టడం వల్లే ఇన్నాళ్లు బతికాడని ఎవరూ అనరు. ఆసుపత్రి పట్టిక దగ్గరికి వచ్చేసరికి మాత్రం మనకా తెలివి ఎటో పోతుంది.

గెయిల్ చెప్పింది పూర్తిగా కొత్త సంగతి కూడా కాదు. 1843లోనే ఇంగ్లండ్‌లో విలియం ఫార్ ఇదే చెప్పాడు. బిషప్పులు, సైన్యాధ్యక్షులు, జడ్జీలు చిన్న ఉద్యోగుల కన్నా ఎక్కువేళ్లు బతుకుతారని మురిసిపోకండి, ఆ పదవి దాకా రావాలంటేనే వయసు మళ్లాలి అన్నాడు. వైద్య పరిశోధకులు ఇప్పుడు దీనికి పెట్టుకున్న పేరు ‘చావులేని కాలం’. లెక్కల పుస్తకంలో మాత్రమే చావుండని కాలం అది. 2001లో ఆస్కార్ గెలిచిన నటులు గెలవనివాళ్ల కన్నా 3.9 ఏళ్లు ఎక్కువ బతుకుతారని వచ్చిన వార్త చాలామందికి గుర్తుండే ఉంటుంది. అయిదేళ్లకు మరో బృందం గెలవడానికి ముందటి ఏళ్లను సరైన ఖాతాలో వేసి చూస్తే ఆ తేడా నిలబడలేదు. ఆ రెండో వార్త ఎంతమంది చదివారో!

మరి గుండె రోగుల లెక్క సరిచేయడం ఎలా? మొదట చేయాల్సిన పని మనిషిని గుంపుల్లో వేయడం మానేసి, రోజులను గుంపుల్లో వేయడం. ఏడో రోగి 674 రోజుల్లో తొలి 50 రోజులు ‘గుండె లేని’ ఖాతాకు, మిగిలిన 624 ‘గుండె ఉన్న’ ఖాతాకు. ఆ 50 రోజుల్లో ఈ రోగి చనిపోలేదన్న సంగతి గుండె దొరకనివాళ్లకు మేలు చేయాలి, దొరికినవాళ్లకు కాదు. 1974లో నేథన్ మాంటెల్, డేవిడ్ బయర్ ఈ దారినే లెక్క కట్టారు. అదే ఏడాది బ్రూస్ టర్న్‌బుల్, బైరన్ బ్రౌన్, మేరీ హూ 82 మంది రోగుల లెక్క తీశారు. 1977లో జాన్ క్రౌలీ, మేరీ హూ మొత్తం 103 మంది పట్టికనూ అచ్చువేశారు. అంతకు ముందు 1972లో లండన్‌లో డేవిడ్ కాక్స్ ప్రకటించిన పద్ధతి వాళ్లకు చేతికొచ్చింది. కాలం నడుస్తుండగా మారే పరిస్థితులను కూడా అందులో ఇమడ్చవచ్చు.

తేడా ఎంతో చూడండి. వయసును, అంతకు ముందు జరిగిన గుండె ఆపరేషన్లను పరిగణనలోకి తీసుకుని, మనుషులను ‘దొరికినవాళ్లు, దొరకనివాళ్లు’ అని పాత పద్ధతిలో పంచితే, మార్పిడి వల్ల చావు ముప్పు దాదాపు అయిదో వంతుకు పడిపోయినట్టు కనిపిస్తుంది. అదే పట్టికను, అదే 103 మందిని, రోజుల లెక్కన పంచితే ముప్పు దాదాపు ఉన్నచోటే ఉంటుంది. ఒక్క రోగి కూడా మారలేదు, ఒక్క తేదీ కూడా మారలేదు. గడియారం ఎప్పుడు మొదలుపెట్టాలన్నది మాత్రమే మారింది.

స్టాన్‌ఫర్డ్‌కు ఒక విషయంలో చేతులెత్తి దండం పెట్టాలి. తమ గొప్పను తగ్గించే లెక్క తీయడానికి వీలిచ్చే ఆ పట్టికను బయటపెట్టింది. లెక్క తీసినవాళ్లలో బ్రౌన్ స్టాన్‌ఫర్డ్ మనిషే. ఈ రోజుకూ ఇలాంటి ఆయుష్షు లెక్కలు నేర్చుకునే విద్యార్థులు చాలాచోట్ల ఆ 103 వరుసలతోనే సాధన చేస్తారు.

ఇక్కడితో ఆగితే సగం కథే. రోజులను సరిగ్గా పంచితే పాత పక్షపాతం పోతుంది, నిజమే. కానీ అది ‘మార్పిడి వల్ల’ ఏం జరిగిందో చెబుతుందా? ఎవరికి ముందు గుండె ఇవ్వాలో వైద్యులు నిర్ణయిస్తారు. ఆ నిర్ణయం ఆ రోజు రోగి పరిస్థితిని బట్టి ఉంటుంది. మరీ నీరసించినవాడికి ముందు ఇచ్చారా, తట్టుకోగలవాడికి ముందు ఇచ్చారా? మొదటిదైతే మార్పిడి అన్యాయంగా చెడ్డపేరు మోస్తుంది, రెండోదైతే ఊరికే మంచిపేరు కొట్టేస్తుంది. పైగా రోగి పరిస్థితి ఒక్కచోట ఉండదు. నిన్న లేచి కూర్చున్నవాడు ఇవాళ ఆక్సిజన్ మీద ఉంటాడు. దాన్ని బట్టి నిర్ణయం మారుతుంది. ఆ నిర్ణయాన్ని బట్టి రేపటి పరిస్థితి మారుతుంది.

వారాల వారీగా ముక్కలు చేసి చూద్దామా అంటే అదీ కుదరదు. ఆరో రోగి రెండు రోజుల్లో పోయారు. మూడో రోగికి చేరిన రోజే గుండె అమరింది. ‘మొదటి వారం’ అని ఒక గడిలో పడేస్తే ఏది ముందు జరిగిందో, ఏది తర్వాతో మాయమైపోతుంది. కారణం ముందు రావాలి, ఫలితం తర్వాత రావాలి. అందుకే కాలాన్ని గడులుగా కోయకుండా నడుస్తున్న గడియారంలా ఉంచే గణితం కావాలి.

ఆ గణితానికి పునాది స్టాన్‌ఫర్డ్‌కు గంట ప్రయాణం దూరంలోనే పడింది. నార్వే నుంచి బర్క్‌లీకి చదువుకోవడానికి వచ్చిన ఆడ్ ఆలెన్ 1975లో తన పరిశోధన గ్రంథం సమర్పించాడు. సులభంగా చెప్పుకుంటే, ప్రతి క్షణం ప్రతి రోగి చుట్టూ కొన్ని సంఘటనలు జరగడానికి సిద్ధంగా ఉంటాయి. చావు ఒకటి, గుండె రావడం ఒకటి. ఇప్పటిదాకా జరిగిన కథంతా తెలిస్తే, ఈ క్షణంలో అవి జరిగే వేగం ఎంతో అంచనా వేయొచ్చు. జరిగినదానిలోంచి ఆ అంచనాను తీసేస్తే మిగిలేది ఎటూ మొగ్గని జూదం లాంటిది, దాని సగటు సున్నా. జూదం మీద లెక్కలు వేసే గణితం అప్పటికే బాగా ఎదిగి ఉంది. ఆలెన్ దాన్ని తెచ్చి ఆసుపత్రి వార్డులో పెట్టాడు.

చికిత్సే మారుతూ, రోగి పరిస్థితీ మారుతూ, ఒకదాన్నొకటి నడిపిస్తుంటే కారణాన్ని ఎలా విడదీయాలో 1986లో జేమ్స్ రాబిన్స్ చూపించాడు. ఇతన్ని కదిలించింది గుండె రోగులు కాదు, ఫ్యాక్టరీల్లో విషపదార్థాలు పీల్చే కార్మికులు. ఆ తర్వాత జుడిత్ లోక్, కెటిల్ రోయిస్లాండ్ వంటివాళ్లు ఈ రెండు దారులనూ కలిపి, కారణం గురించిన ప్రశ్నలను ఆగని గడియారం మీదే అడిగే వీలు కల్పించారు. వాళ్లు అడిగే ప్రశ్న ఇలా ఉంటుంది: చావు వేగాన్ని నడిపే తీరును ముట్టుకోకుండా, గుండె వచ్చే వేగాన్ని మాత్రం మన చేతిలోకి తీసుకుని మారిస్తే, ఈ 103 మందిలో ఎంతమంది ఎన్నాళ్లు బతికి ఉండేవారు? ఎవరికి ఎప్పుడు గుండె దక్కే అవకాశం ఎంత ఉందో లెక్కగట్టి, అరుదుగా దక్కినవాళ్ల అనుభవానికి ఎక్కువ బరువు ఇచ్చి చూస్తారు. ఒక షరతుంది. వైద్యుడు దేన్ని చూసి నిర్ణయం తీసుకున్నాడో అదంతా కాగితం మీద ఉండాలి. అతని మనసులో మాత్రమే ఉండి కేసు షీటులో లేకపోతే ఏ గణితమూ దాన్ని బయటికి లాగలేదు.

నాకు ఇందులో ఆసక్తిగా తోచేది మరొకటి. గుండె ఎప్పుడొస్తుందన్నది చాలావరకు రోగి చేతిలోనూ లేదు, వైద్యుడి చేతిలోనూ లేదు. ఎక్కడో ఎవరికో తలకు దెబ్బ తగలాలి, రక్తపు గ్రూపు కుదరాలి, ఆ ఇంటివాళ్లు ఒప్పుకోవాలి. దేవుడే చీటీలు వేస్తున్నట్టు. మనిషి కూడా చీటీలు వేసి పరీక్షించాలని గెయిల్ అప్పట్లోనే కోరాడు. చావుబతుకుల్లో ఉన్నవాడి ముందు చీటీ ఎలా వేస్తామన్నది వైద్యుల బాధ. నా మటుకు గెయిల్ వైపే మొగ్గుతాను. గుండెలు అందరికీ సరిపోనప్పుడు ఎవరికో ఒకరికి లేదనక తప్పదు. ఆ లేదనడం చీటీ ద్వారా జరిగితే కనీసం తర్వాత వచ్చేవాళ్లకు నిజం తెలిసేది. అప్పట్లో అలా జరగలేదు.

జరగకపోయినా షమ్వే గెలిచాడు. శరీరం కొత్త గుండెను తిప్పికొడుతోందో లేదో చిన్న ముక్క తీసి చూసే పరికరాన్ని 1970ల తొలినాళ్లలో స్టాన్‌ఫర్డ్‌లోనే ఫిలిప్ కేవ్స్ రూపొందించాడు. 1980 చివర్లో ఆ తిప్పికొట్టడాన్ని అణిచే సైక్లోస్పోరిన్ అనే మందు చేతికొచ్చింది. ఇప్పుడు మంచి ఆసుపత్రుల్లో గుండె మార్పిడి చేయించుకున్న ప్రతి 100 మందిలో 85 మందికి పైగా ఏడాది దాటుతున్నారు. ఏ మందూ పనిచేయని రోగికి ఇంత తేడా కనిపించాక సూక్ష్మమైన లెక్కలు అక్కర్లేదు. మన దేశంలో 1994 ఆగస్టు 3న తొలి విజయవంతమైన గుండె మార్పిడి ఢిల్లీ ఎయిమ్స్‌లో చేసిన పి. వేణుగోపాల్ రాజమండ్రిలో పుట్టినవాడే.

తేడా కొట్టొచ్చినట్టు లేనప్పుడే చిక్కంతా. 2020, 2021 కోవిడ్ రోజుల్లో మనం చూశాం. హైదరాబాద్, విజయవాడల్లో వాట్సాప్ తెరిస్తే చాలు, ‘అన్నా, బి పాజిటివ్ ప్లాస్మా అర్జెంటు, మీకు తెలిసినవాళ్లెవరైనా కోలుకున్నవాళ్లున్నారా’ అన్న సందేశాలు. ఇంట్లో తండ్రి ఆసుపత్రిలో ఉంటే కొడుకులు దాతల కోసం ఊరంతా తిరిగారు. దాత దొరకాలి, పరీక్షలు కావాలి, రక్తం నుంచి ప్లాస్మా వేరు చేయాలి. ఆ లోపు రోగి బతికి ఉండాలి. బతికి ఉండి ప్లాస్మా ఎక్కించుకుని ఇంటికొచ్చినవాళ్లు ‘ప్లాస్మా వల్లే బతికాడు’ అయ్యారు. ప్లాస్మా వచ్చేలోగా పోయినవాళ్లు ‘పాపం, ప్లాస్మా దొరకలేదు’ అయ్యారు. స్టాన్‌ఫర్డ్ రెండో వరుస, ఏడో వరుస మళ్లీ మన వీధిలో.

ఈసారి చీటీలు వేశారు. భారత వైద్య పరిశోధన మండలి 39 ఆసుపత్రుల్లో 464 మంది కోవిడ్ రోగులను తీసుకుంది. ఎవరికి ప్లాస్మా, ఎవరికి మామూలు చికిత్స అన్నది చీటీ నిర్ణయించింది. ఇద్దరి గడియారమూ ఒకే క్షణంలో మొదలైంది. 28 రోజుల్లో వ్యాధి ముదిరినవాళ్లు, చనిపోయినవాళ్లు కలిపి ప్లాస్మా తీసుకున్నవాళ్లలో 19 శాతం, తీసుకోనివాళ్లలో 18 శాతం. ఈ ఫలితం 2020 అక్టోబరులో అచ్చయింది. ప్లాస్మాను మన దేశ కోవిడ్ చికిత్స మార్గదర్శకాల నుంచి తీసేసింది 2021 మే 17న, రెండో ఉధృతి శిఖరం దాటాక.